ఉప్పు అడగడం

నా భార్య జర్మనీలో నర్సు. నేను అక్కడికి వెళ్లాలంటే మొదటి స్థాయి జర్మన్ పరీక్ష పాసవ్వాలి. తప్పితే వీసా లేదు. ఇంకెన్నాళ్లు ఫోన్లోనే కాపురం చేయాలో తెలియదు.

కోచింగ్ రాజమండ్రిలో కాబట్టి ధవళేశ్వరంలో అత్తవారింట్లో ఉంటున్నాను. చదివింది మెకానికల్. వాక్యాన్నీ మెషీన్ డ్రాయింగులాగే చూశాను: మొదటి గడిలో కర్త, రెండో గడిలో క్రియ, తర్వాత మిగతావి. రాతలో తప్పులు తగ్గాయి. భయమంతా మాట్లాడే భాగం గురించే. ఒక వస్తువు బొమ్మ ఇస్తారు. ఆ వస్తువును పక్క అభ్యర్థిని మర్యాదగా అడగాలి. ఉప్పు కొంచెం ఇవ్వగలరా, అన్నట్టు. అలా అడిగేటప్పుడు మాత్రం అసలు క్రియ 'గేబెన్', అంటే ఇవ్వడం, చిట్టచివర వస్తుంది. క్లాసులో అక్కడికి చేరేలోపే ఆగిపోయేవాణ్ణి.

భోజనాల దగ్గర సాధన చేద్దామనుకున్నాను. కానీ అత్తయ్యగారింట్లో అల్లుడు ఏదీ అడగక్కర్లేదు. వాక్యం సగంలో ఉండగానే ఉప్పు కంచం పక్కకి వచ్చేసేది. వచ్చేశాక ఇంకేం అడుగుతాం?

"నువ్వే అల్లుడుగారిని ఫెయిల్ చేయించేలా ఉన్నావు," అని మామయ్యగారు ఆవిడని ఆటపట్టించారు.

పరీక్ష దగ్గర పడ్డాక చెప్పేశాను. "అత్తయ్యగారూ, 'గేబెన్' అని నేను పూర్తిగా అడిగేదాకా ఇవ్వకండి."

ఆవిడ మొహం చిన్నబోయింది. అల్లుడి చేత అడిగించుకుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారని ఆవిడ బాధ. మర్నాడు వీధి తలుపు వేసి, మజ్జిగ గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చున్నారు. నేను మజ్జిగ అడుగుతూ రెండో గడి దాటి ఆగిపోయాను. ఆవకాయ కారానికి నోరు మండుతోంది. ఆవిడ చెయ్యి ముందుకొచ్చి మళ్లీ వెనక్కి వెళ్లింది. 'గేబెన్' అనగానే గ్లాసు నా చేతిలో పెట్టి, "ఇదేం చదువు బాబూ," అంటూ లోపలికి వెళ్లిపోయారు.

పరీక్ష హైదరాబాద్‌లో. నాకు జతగా కూర్చున్న కుర్రాడిదీ గోదావరి వైపే, మొగల్తూరు. నాకు పెన్ను బొమ్మ వచ్చింది. నేను వాక్యం మధ్యలో ఉండగానే అతను జేబులోంచి పెన్ను తీసి చాపేశాడు. అందుకుంటే వాక్యం అక్కడే ఆగిపోతుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, చివరి మాట కూడా పలికి, అప్పుడు తీసుకున్నాను.

ఫలితం ఇంకా రాలేదు. బయటికొచ్చి ఫోన్ చేస్తే అత్తయ్యగారు పరీక్ష ఎలా అయిందని అడగలేదు.

"పూర్తిగా అడగనిచ్చారా బాబూ?" అన్నారు.