నైట్ షిఫ్టు వాడలో పగటి షూటింగ్

రెండు వేల ఆరు వేసవిలో నేను గోదావరిఖనిలోని ఒక చిన్న నిర్మాణ సంస్థలో ప్రొడక్షన్ మేనేజరుగా చేరాను. మాది మంథని. అంతకుముందు చాలా ఏళ్ళు హైదరాబాదులో ఇతరుల సీరియళ్ళకు ఇదే పని చేశాను. పేరు పెద్దదే గానీ, పొద్దున టీ దగ్గర్నుంచి సాయంత్రం టేపులు బీరువాలో పెట్టి తాళం వేసేదాకా అందరి తిట్లూ తినే ఉద్యోగం ఇది. దర్శకుడు కథ చూసుకుంటాడు, కెమెరామన్ వెలుగు చూసుకుంటాడు, తక్కినదంతా మేనేజరు నెత్తిన పడుతుంది.

సంస్థ యజమాని ఓదెలు. బొగ్గు గనిలో పనిచేస్తూ స్వచ్ఛంద విరమణ తీసుకుని, ఆ వచ్చిన దానితో కెమెరా కొన్నవాడు. పెళ్ళిళ్ళు, యూనియన్ సభలు తీస్తూ ఒక ఎడిటింగ్ గది దాకా ఎదిగాడు. ఆ ఊళ్ళో గని ఉద్యోగం వదులుకున్నవాణ్ణి పిచ్చివాళ్ళలో జమకడతారు. "బాయి నౌకరీ ఇడిసిపెట్టి పెండ్లిండ్లల్ల కెమెరా పట్టుకొని తిరుగుతాండు" అని సొంత బామ్మర్దులే నవ్వేవారు. ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలిచేది కాదు.

అలాంటి మనిషికి ఒక ఉపగ్రహ ఛానెల్ నుంచి పదమూడు భాగాల సీరియల్ అవకాశం వచ్చింది. బొగ్గు గని కార్మికుల వాడలో జరిగే కథ. షరతు ఒక్కటే. మొదటి రెండు భాగాలు తీసి ముందుగా చూపించాలి, నచ్చితేనే తక్కినవి. నచ్చకపోతే నాకు ఇంకో కంపెనీ దొరుకుతుంది. ఓదెలుకు మాత్రం వెనక్కి వెళ్ళడానికి గని లేదు.

షూటింగుకు ఓదెలు తను పుట్టిపెరిగిన క్వార్టర్ల వాడనే ఎంచుకున్నాడు. క్వార్టర్లు బొగ్గు కంపెనీవి కాబట్టి వాళ్ళ ఎస్టేటు విభాగం దగ్గర అనుమతి తెచ్చాను, పోలీస్ స్టేషనులో సమాచారం ఇచ్చాను. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇక ఎవరూ వేలెత్తి చూపలేరని ధీమాగా ఉన్నాను.

టీవీ సీరియల్ షూటింగు ఎలా ఉంటుందో చూడనివారికి ఒక మాట చెప్పాలి. నటులకు డైలాగులు కంఠతా ఉండవు. కెమెరా వెనక ప్రాంప్టర్ ఒక్కో వాక్యం గట్టిగా అందిస్తుంటే వాళ్ళు పలుకుతారు. అసలు గొంతులు తర్వాత డబ్బింగులో కలుపుతారు గనక ఆ గోల ఎవరికీ పట్టదు. దానికి జనరేటర్ మోత తోడు. అన్నిటికీ మించి, ప్రతి షాటుకు ముందు అసిస్టెంటు డైరెక్టరు "సైలెన్స్!" అని వాడంతా దద్దరిల్లేలా అరుస్తాడు.

మొదటి రోజు ఉదయం ఓదెలు లైట్ల కోసం కరీంనగర్ వెళ్ళాడు. అక్కడక్కడా గడపల బయట గని బూట్లు బోర్లించి ఉన్నాయి. ఫ్రేములో బాగుండలేదని మా వాళ్ళు వాటిని తీసి ఒక గోడవార వరసగా పేర్చారు. మూడో షాటు నడుస్తుండగా లచ్చక్క అనే ఇల్లాలు వచ్చి కెమెరా ముందు నిలబడింది.

"మీ సీన్మ మన్నువడ! బూట్లెవడు తీసిండ్రా?" అంది.

బూట్లకింత రాద్ధాంతమేమిటని మా దర్శకుడు విసుక్కున్నాడు. అప్పుడు చెప్పింది. గడప బయట బూట్లు బోర్లిస్తే ఆ ఇంట్లో నైట్ షిఫ్టు దిగివచ్చిన మనిషి పడుకున్నాడని గుర్తట. కూరగాయలమ్మేవాళ్ళు కూడా ఆ ఇంటి ముందు కేక వేయరట. ఆమె భర్త మొగిలి గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే టింబర్‌మన్. "ఆయిన నిద్రలేక డ్యూటీకి పోతే ఒక్కని పానం కాదు సారూ పోయేది. గాయిన నిలవెట్టిన దుంగ కింద ఇంకెంతమందో పనిచేస్తరు" అంది. నా దగ్గర అనుమతి ఉందనబోయి ఆగిపోయాను. ఆ కాగితం చూపించాలంటే సిగ్గేసింది.

మధ్యాహ్నానికి ఓదెలు వచ్చాడు. విషయం వింటూనే వెళ్ళి జనరేటర్ ఆపేశాడు. బూట్లు తనే మోసుకెళ్ళి, ఏవి ఎవరివో అడిగి, ఏ గడప దగ్గరివి ఆ గడప దగ్గర బోర్లించాడు.

పక్కనే విద్యుత్ కేంద్రం కాలనీ అయిన జ్యోతినగర్‌కు మారిపోదామని దర్శకుడి సలహా. అక్కడి ఇంజనీర్ల క్వార్టర్లు విశాలం, ప్రశాంతం. "ఆడ బొగ్గువాడ ఏడికెళ్ళొస్తది సార్? ఈడ్నే తీద్దాం. సప్పుడు లేకుంట తీద్దాం" అన్నాడు ఓదెలు. చప్పుడు లేని సీరియల్ షూటింగు నీళ్ళు లేని ఈత లాంటిదని నేననుకున్నాను.

పని పద్ధతి మొత్తం మారిపోయింది. సాయంత్రాలు యూనియన్ ఆఫీసు హాల్లో నటులకు డైలాగులు నేర్పించి, మర్నాడు ప్రాంప్టర్ లేకుండా తీశాం. జనరేటర్ మానేసి, లైట్లకు కరెంటు మేం షూటింగుకు అద్దెకు తీసుకున్న క్వార్టరు నుంచే తీసుకున్నాం. గనిలో యంత్రాల మోతకు మాట వినపడదు గనక కార్మికులు తల మీది దీపం ఊపి సైగలు చేసుకుంటారు. ఓదెలు ఆ సైగలనే చేత్తో చేసేవాడు. అడ్డంగా ఊపితే ఆగమని, పైకీ కిందికీ ఊపితే కానివ్వమని. క్లాప్ కొట్టకుండా బోర్డు మాత్రం కెమెరాకు చూపేవాళ్ళం. నటులు పెదవి కదిలీ కదలకుండా మాట్లాడేవారు. రెండు రోజుల్లో అందరికీ అలవాటైంది. నా కెరీర్‌లో అరుపులు లేని సెట్టు అదొక్కటే, నిజానికి నాకది ఎంతో నచ్చింది.

చిక్కు డబ్బింగులో వచ్చింది. పాత గోదాము గోడలకు బొంతలు వేలాడదీసి, దాన్నే డబ్బింగు గది చేసుకున్నాం. తెర మీద గుసగుసలాడే ముఖానికి కథానాయిక నాటకాల గొంతు పెడితే అతకలేదు. చూడవచ్చిన లచ్చక్క పకపకా నవ్వింది. "గంత గనం ఒర్రితే ఇంట్ల పండుకున్నోడు లేవడా?" అంది. ఓదెలు ఆమెనే మైకు ముందు నిలబెట్టాడు. మొదట బెదిరింది. తర్వాత రోజూ తన భర్త పక్కగదిలో నిద్రపోతుంటే ఎలా మాట్లాడుతుందో అలాగే, తన మాటలోనే, మెల్లగా చెప్పింది. మర్నాడు వాడలోని ఇంకో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. అప్పటిదాకా మా తెలంగాణ భాష టీవీలో పనివాళ్ళకూ నవ్వించేవాళ్ళకే ఉండేది. కథానాయిక నోట దాన్ని విన్నాక, ఆ ముక్క ఇంకోసారి వేయమని అడిగాను.

టేపులు తీసుకుని నేనూ ఓదెలూ హైదరాబాదు వెళ్ళాం. ప్రివ్యూ అంటే ఛానెల్ కార్యక్రమాల అధికారులు చిన్న గదిలో చూసి తీర్పు చెప్పే తతంగం. మొదటి భాగం అయ్యాక ఒకాయన పెదవి విరిచాడు. సీరియల్ అంటే వంటింట్లో ఉన్నవాళ్ళకు కూడా వినపడాలి, మళ్ళీ గట్టిగా డబ్బింగు చెప్పించుకురండి అన్నాడు. ఓదెలు చేతులు ఒళ్ళో పెట్టుకుని, "రెండోది గూడ చూడుండ్రి సార్, గంతే" అన్నాడు.

రెండో భాగంలో ఒక సన్నివేశం ఉంది. భార్య వంట చేస్తూ పొరుగావిడతో కూతురి చదువు గురించి గుసగుసగానే వాదిస్తుంటుంది. వెనక గదిలో భర్త నిద్రపోతుంటాడు. సరిగ్గా అప్పుడు, పెదవి విరిచిన ఆ అధికారి సెల్‌ఫోను మోగింది. ఆయన గబుక్కున దాన్ని నొక్కిపట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "తర్వాత చేస్తా, ఇప్పుడు కాదు" అని గుసగుసగా అన్నాడు. గదిలోని పెద్ద అధికారిణి ఆయన వైపు తిరిగి, తెర మీద పడుకున్న మనిషిని చూపిస్తూ, ఎవరు లేస్తారని అంత మెల్లగా మాట్లాడుతున్నారని అడిగింది. ఆయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత గదంతా నవ్వింది. మిగతా పదకొండు భాగాలూ అలాగే తీయమన్నారు.

బయటికి వచ్చాక ఓదెలు మెట్ల మీద కూర్చుండిపోయాడు. "గా ఫోన్ జేసినోడు ఎవడోగని, ఆనికి దండం పెట్టాలె" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ సీరియల్ తర్వాత పనులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చేనాటికి సంస్థకు సొంత డబ్బింగు థియేటరు ఉంది, ఒక సినిమా కూడా తీశాం. లచ్చక్క గొంతు కోసం హైదరాబాదు నుంచి మనుషులు వచ్చేవారు. మొగిలి ఏ దెబ్బా తగలకుండా రిటైరయ్యాడు.

ఆ వాడ నా వృత్తికి సంబంధించి ఒక విషయం నేర్పింది. ఒక చోటికి అనుమతి ఇచ్చేవాళ్ళు వేరు, ఆ చోట బతికేవాళ్ళు వేరు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఏ ఊళ్ళో లొకేషన్ చూడబోయినా ఇక్కడ పగలు ఎవరు పడుకుంటారని ముందు అడిగేవాణ్ణి. అడిగిన ప్రతిచోటా ఎవరో ఒకరు ఉన్నారు.