మాట వచ్చిన బటన్

2021లో విజయనగరంలోని ఒక చిన్నపిల్లల ఆసుపత్రికి టోకెన్ల సాఫ్ట్‌వేర్ రాసే పని నాకు వచ్చింది. బడికి వెళ్లకుండా ఇంట్లోనే అమ్మ దగ్గర చదువుకున్నదాన్ని. నమ్మి పని అప్పగించిన ఆ డాక్టరు గారిని ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

అక్కడ ఫోన్లు ఎత్తే అప్పలనాయుడు గారికి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన పేర్లు విని చెబితే పక్కనున్న అమ్మాయి రాసుకునేది. ఆమె పెళ్లై వెళ్లిపోయింది. ఇక ఫోన్ ఎత్తినవారే కంప్యూటర్‌లో టోకెన్ ఎక్కించాలి. నాయుడు గారి వల్ల కాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని పెట్టక తప్పదని డాక్టరు గారు బాధగానే చెప్పారు. నాయుడు గారికి కంప్యూటర్ రాదని కాదు. స్క్రీన్ రీడర్, అంటే తెర మీది అక్షరాలు చదివి వినిపించే ప్రోగ్రాం, ఇయర్‌ఫోన్‌లో వింటూ కీబోర్డుతోనే అన్నీ చేసుకుంటారు.

ప్రోగ్రాం రాయడానికి సాధనం ఎంచుకునే ముందు రెండు నమూనాలు చేశాను. మొదటిది ఒకే కోడ్‌తో విండోస్‌లోనూ ఫోన్‌లోనూ నడిచేది. రెండోది సి షార్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, విండోస్‌కి మాత్రమే. రెండూ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతే. అంటే తెర మీది ప్రతి బటనూ తన పని తనకు తెలిసిన ఒక వస్తువు. వార్డులో తిరుగుతూ ఫోన్‌లో జాబితా చూసుకోవచ్చని డాక్టరు గారికి మొదటిదే నచ్చింది.

"ఎంత కళగా ఉందో నాయుడూ, రంగులూ అవీ!"

"రంగుల సంగతి నాకు సెప్తన్నారేటి బాబూ?" అని నవ్వుతూ నాయుడు గారు ట్యాబ్ కీ నొక్కారు. మళ్లీ నొక్కారు. నవ్వు ఆగిపోయింది. "ఏటి తల్లీ, ఇది మాటాడదేటి?"

ఆ సాధనం బటన్లను తనే బొమ్మల్లా గీసుకుంటుంది. అవి బటన్లని విండోస్‌కి తెలియదు. ఒక్కొక్కదానికీ విడిగా మాట నేర్పవచ్చు గానీ, ఒక్కటి మరిచినా ఆయన అక్కడే ఆగిపోతారు.

రెండోది తెరిచాను. ఇందులో నా బటన్ విండోస్ సొంత బటన్‌కి బిడ్డ. క్లాసు అంటే అలాంటి వస్తువులను తయారుచేసే అచ్చు. తల్లి క్లాసు గుణాలు పిల్ల క్లాసుకి వచ్చేస్తాయి, దీన్నే ఇన్‌హెరిటెన్స్ అంటారు. మాట కూడా అలాగే వచ్చింది.

"ఆఁ, ఇది పలికింది!" అన్నారు నాయుడు గారు. అంతలో ఫోన్ మోగింది. "సెప్పమ్మా... గరివిడి నుంచా? పిల్లడి పేరేటి?" అని అడుగుతూనే వేళ్లతో ఎక్కించేశారు. "తొమ్మిదో నంబరమ్మా. నెమ్మదిగా రండి." ఫోన్ పెట్టేసి, కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నారు.

డాక్టరు గారు నావైపు తిరిగారు. "మరి నా ఫోన్‌లో?"

"దానికి కోట్లిన్ అనే ఇంకో భాషలో వేరే రాయాలండీ. ఆలస్యమవుతుంది."

ఆయన ఆలోచించారు. "సరే, అంతవరకూ జాబితా నాయుడినే అడుగుతాను."

"అడగండి బాబూ, నానెక్కడికి ఎల్తాను, ఇక్కడే ఉంతాను కదా!"

అప్పటినుంచి ఏ పని ఒప్పుకున్నా, ఆ యంత్రం ముందు కూర్చునేవారి చేత ముందు నొక్కించి చూశాకే సాధనం ఎంచుకుంటున్నాను. ఎక్కడో ఎవరో, నాయుడు గారిని ఎరగనివారు, ఆ తల్లి క్లాసులో మాట పెట్టి ఉంచారు. వారి పేరు నాకు తెలియదు. పేరు లేకుండానే వారి కోసం దేవునికి స్తోత్రం చెల్లిస్తుంటాను.