మేనమామ కట్టించిన ఫ్లెక్సీ

వరంగల్‌లో యూదులున్నారంటే జనం నవ్వుతారు. ఉన్నాం మహాప్రభో, నాలుగిళ్లు. కాశిబుగ్గలో మా వీధివాళ్లు ప్రతి డిసెంబరులో మరచిపోకుండా మాకు క్రిస్మస్ శుభాకాంక్షలు చెబుతారు. మేం క్రైస్తవులం కాదంటే, "పోనీ తియ్, అందరి దేవుడు ఒక్కడే గద" అని కేకు చేతిలో పెట్టి పోతారు. వివరించే ఓపిక నాకు పెళ్లయిన కొత్తలో ఉండేది. నేను నర్సంపేట దగ్గర పత్తి పండించే ఇంట పుట్టి, ప్రేమించి ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. నాకే అన్నీ అర్థం కావడానికి ఏళ్లు పట్టింది, ఇక వీధికేం చెబుతాను.

మా అమ్మాయికి పోయినేడు పన్నెండు నిండాయి. మావాళ్లలో ఆడపిల్లకు పన్నెండు నిండితే ఇక తన మంచిచెడులకు తనే బాధ్యురాలు. ఆ శనివారం నాలుగిళ్లవాళ్లం మా ఇంట్లో చేరి చేసే ప్రార్థనలో తను నిలబడి మా ధర్మగ్రంథం తోరాలోంచి ఒక భాగం హీబ్రూలో చదవాలి. ఇంతే వేడుక. మా మామగారు ముందుగదిలో కూర్చోబెట్టుకుని ఏడాదంతా నేర్పారు. హోంవర్కు చెయ్యమంటే కడుపునొప్పి వచ్చే పిల్ల, దీనికి మాత్రం పిలవకుండానే లేచేది. జడ వేస్తుంటే కూడా అవే వాక్యాలు పాడుకునేది.

సంగతంతా మా అన్నకు ఫోన్‌లో పూసగుచ్చినట్టు చెప్పాను. ప్రార్థన, చదువు, శనివారం పొయ్యి వెలిగించం కాబట్టి ముందురోజే వండిపెట్టే పులిహోర, ఫోటోలు తీయకూడదన్న మాట, అన్నీ. ఆయన బుద్ధిగా విన్నాడు.

"సమజైంది చెల్లె. మేనమామను నేనున్న గద, నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నాడు.

మా అన్న ఫికర్ చెయ్యకు అన్నాడంటే అప్పటినుంచి ఫికర్ మొదలు. పన్నెండేళ్ల ఆడపిల్ల, ఫంక్షన్, మేనమామకు పిలుపు. ఇవన్నీ కలిస్తే మా పుట్టింటివైపు ఒకటే అర్థం. ఆపైన నేనెంత విడమరచి చెప్పినా అది చెల్లెలి సిగ్గు కింద కొట్టేస్తారు.

శుక్రవారం సాయంత్రం స్కూల్ ఆటో దిగిన పిల్ల మొహం చూసి జ్వరమేమో అనుకున్నాను. బ్యాగు విసిరేసి, గదిలోకి పోయి తలుపేసుకుంది. వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారట. పరుగున వెళ్లి చూశాను. నా బిడ్డ స్కూల్ ఫోటోలోని తలకాయను ఎవరిదో లంగావోణీ మీద అతికించి, పైన ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’ అని బంగారు రంగు అక్షరాలు. పక్కన మా అన్న నల్లకళ్లద్దాలు పెట్టుకుని దండం పెడుతున్నాడు. చుట్టూ ఆయన దోస్తులు. ఆ మీసాలన్నీ కలిసి నా బిడ్డ ఒంటి సంగతికి శుభాకాంక్షలు తెలుపుతున్నాయి. పుణ్యాత్ములు, ఎవరి ఫోటో చిన్నదైందని ఎవరూ అలగకుండా సమానంగా వేయించారు.

ఇంటికొచ్చి తలుపు కొడితే లోపలినుంచే మాట్లాడింది. "ఆటోల అందరు చూసిండ్రు మమ్మీ. అసల్ నాకు కానే కాలె. నేను రేపు బయటికి రాను. చదవ."

ఏడాది పాటు ప్రాణం పెట్టి నేర్చుకున్నది. ఫ్లెక్సీ పీకేయమని మావారికి చెప్పేలోపే పొద్దుగుంకింది, అత్తగారు దీపాలు వెలిగించారు. ఇక మా విశ్రాంతి దినం మొదలు. మర్నాడు చీకటి పడేదాకా ముడి విప్పకూడదు, తెంపకూడదు, కోయకూడదు. మావారు నావైపు చూసి, తర్వాత ఫ్యాను వైపు చూశారు. దేవుడు ఆరు రోజులు లోకాన్ని చేసి ఏడో రోజు విశ్రమించాడంటారు. ఆయనకు మేనమామలతో పని పడలేదు కాబట్టి సరిపోయింది.

పొద్దున్నే మా అత్తగారు గోడమీంచి పక్కింటి ఖాలాకు చెప్పుకుని ఏడ్చారు. ఖాలా ముస్లింల ఇంటి పెద్దామె. "ఖురాన్ మొదలువెట్టేటప్పుడు మా పిల్లలకు బిస్మిల్లా చదివిపిస్తం గద, గసొంటిదేనాయె. దీనికి చీరెలెందుకు?" అంది. వీధి మొత్తంలో అర్థమైంది ఆమె ఒక్కదానికే. మేం అడగలేదు, ఆరోజు ఇంకొకరిని పురమాయించడం కూడా మాకు తప్పే. ఆమె తనంతట తనే కూరగాయల కత్తి, స్టూలు పట్టుకుని వెళ్లి తాళ్లు కోసి వచ్చింది. "మీరు ముట్టద్దేమో, నాకేంది" అని కత్తి కడుక్కుంది.

కాసేపటికి మా అన్న దిగాడు. చేతిలో పళ్లెం, అందులో పట్టుచీర, గాజులు, పసుపుకొమ్ములు. వెనక వీడియో అతను. "ఫ్లెక్సీ కనబడ్తలేదేంది, ఎవడన్న ఎత్కపోయిండా?" అన్నాడు. నేను పళ్లు కొరుక్కున్నాను. మామగారు వీడియో అతన్ని గడప దగ్గరే ఆపేశారు. మా అన్నను కుర్చీలో కూర్చోబెట్టి ప్రార్థన మొదలుపెట్టారు.

చదవాల్సిన వేళ వచ్చింది. మామగారు తోరా విప్పి, మూసి ఉన్న గది తలుపు వైపు చూస్తూ ఆగిపోయారు. అందరం చూశాం. ఇక రాదనుకున్నాను. తలుపు తీసుకుని వచ్చింది, మామూలు నీలం చుడీదారులో. మా అన్న గబుక్కున లేచి పళ్లెం చాచాడు.

"మామా, నాకింక కాలె" అంది, నాలుగిళ్ల మగవాళ్ల ముందు. "అయిననాడు అది నా సంగతి. ఎవ్వలకు చెప్ప. గిప్పుడు నేను చదువుత. నువ్వు కూసో."

మా అన్న పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అది చదివింది. ఒకచోట తడబడి, వెనక్కి వెళ్లి, మళ్లీ చదివింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మా అన్న కదలకుండా విన్నాడు.

తల్లిని కదా, గర్వపడాలి. పడ్డాను, తర్వాత. ముందు మాత్రం నాకు కుళ్లు పుట్టింది. నా కన్నబిడ్డ మీద. నాకు అయినప్పుడు మా ఊళ్లో మైకు పెట్టారు. నన్ను పీట మీద కూర్చోబెడితే, వచ్చిన ప్రతివాడూ అక్షింతలు వేసి, పైనుంచి కిందిదాకా చూసి, అన్నం తిని పోయాడు. తల దించుకునే ఉన్నాను. నోరు తెరిచి ఒక మాట అనొచ్చని నాకు తెలియదు.