ఉసిరి చెట్టు చుట్టూ నూలుపోగు

నేను బిలాస్‌పూర్‌కి కాపరానికి వచ్చిన ఏడాది వానలు ఆలస్యంగా వెనక్కి తగ్గాయి. దసరా వెళ్ళిపోయినా గాలిలో తడి పోలేదు. పొద్దున్నే తలుపు తీస్తే ఎదుటి వరస రైల్వే క్వార్టర్లు కనబడేవి కావు. పొగమంచూ, రైలింజన్ల షెడ్డులోంచి వచ్చే బొగ్గుపొగా కలిసిపోయి వీధంతా పాలలో ముంచినట్టుండేది. ఆ తెలుపులోంచి మనుషులు ముందు దగ్గుగా, తర్వాత అడుగుల చప్పుడుగా, ఆఖరికి మనుషులుగా వచ్చేవారు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన నాకు, మెలకువ వచ్చీ రాని వేళ ఏ ఊళ్ళో ఉన్నానో తెలిసేది కాదు.

ఇంట్లో ముగ్గురం. మా ఆయన గూడ్సు ఇంజను మీద ఫైర్‌మన్. డ్యూటీకి వెళ్ళాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలీదు. మిగిలింది నేనూ, మా అత్తగారూ. మా మామగారు షెడ్డులో ఫిట్టరుగా పనిచేస్తూ, నా పెళ్ళికి కొన్నేళ్ళ ముందే జ్వరంతో పోయారట. అప్పటినుంచీ ఆవిడ అవసరమైన మాట తప్ప మాట్లాడ్డం మానేశారు. నా మీద కోపమేమో అని మొదట్లో భయపడ్డాను. కోపం కాదు. ఆవిడ ఇంట్లో తిరుగుతున్నా, ఎక్కడో దూరంగా కూర్చుని మమ్మల్ని చూస్తున్నట్టుండేది.

కార్తీకం వచ్చింది. మన తెలుగువాళ్ళందరూ కలిసి అర్పా ఏటి ఒడ్డున వనభోజనాలకి వెళ్ళడం అక్కడి రివాజు. షెడ్డు మేస్త్రీగారి భార్య అందరికీ పెద్దదిక్కు. ఆవిడే ఇంటింటికీ వచ్చి చెప్పింది.

"ఆదోరం పొద్దున్నే ఎడ్లబండ్లు వొస్తాయి. వదినా, గాడిపొయ్యి కాడ నువ్వే ఉండాల. నీ సేతి పులిహోర నేకపోతే మగోల్లు ఒప్పుకోరు."

మా అత్తగారు తలూపారు. ఆవిడ అలాంటి చోట్లకి వచ్చేది వంటకే. దీపాలు పెట్టేటప్పుడూ, పసుపు కుంకాలు పంచేటప్పుడూ తనే దూరం జరిగిపోయేవారు. ఎవరూ జరగమనేవారు కాదు, ఉండమనేవారూ కాదు.

ఆదివారం మంచులోనే బయల్దేరాం. తెలిపారా పేట దాటేసరికి ముందు బండి కనబడడం మానేసింది, దాని గంటలు మాత్రం వినబడుతున్నాయి. బళ్ళో ఆడవాళ్ళు మొదట్లో కబుర్లాడుకున్నారు గానీ, ఆ తెల్లటి మెత్తదనంలో ఒక్కొక్కరే ఊరుకున్నారు. చక్రాల కింద ఇసక సర్రుమనడం మొదలయ్యాక గానీ ఏరు వచ్చిందని తెలియలేదు. ఇసక మీద నీళ్ళు సన్నటి పాయలుగా పారుతున్నాయి. ఒడ్డు మీద పెద్ద ఉసిరి చెట్టు, సన్నటి ఆకుల నిండా మంచు బొట్లతో, నేలకి ఆనకుండా గాలిలో నిలబడినట్టుంది.

దాని కింద అప్పటికే మనుషులున్నారు.

"ఒలమ్మా! మన సెట్టు కాడ ఎవులో వొచ్చీసినారే!" అంది మేస్త్రీగారి భార్య బండి దిగకుండానే.

చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు. మోకాళ్ళ దాకా కట్టిన రంగు చీరలు, కాళ్ళకి బరువైన వెండి కడియాలు. ఆ రోజు నవమి. ఉసిరి చెట్టుకి నూలు చుట్టి, దాని కిందే వండుకు తినడం వాళ్ళకీ ఆచారమేనట. మామూలుగా మా ఆదివారమూ, వాళ్ళ నవమీ వేరు వేరు రోజుల్లో పడేవి. ఆ ఏడు కలిసొచ్చాయి.

మేస్త్రీగారి భార్య తనకొచ్చిన హిందీలో, ఇది మా జాగా, ఏటేటా ఇక్కడే వండుతాం అని గట్టిగా చెప్పింది. వాళ్ళలోంచి ఒక ముసలామె లేచి నిలబడి, చెట్టుని పైకీ కిందకీ చూసి, నవ్వేసింది. అటు సగం మీరు, ఇటు సగం మేము అన్నట్టు చెయ్యి ఊపింది. నవ్వేవాళ్ళతో ఎంతసేపని పోట్లాడతారు? మావాళ్ళు తూర్పువైపు సామాను దించారు.

ఎండ మెల్లగా మంచులోకి దిగింది. అటూ ఇటూ పొయ్యిలు రాజుకున్నాయి. మావైపు గుమ్మడికాయ పులుసు, వాళ్ళవైపు కొత్త బియ్యం వాసన. చెట్టు మొదట్లో మావాళ్ళు దీపాలు పెడుతున్నారు. మా అత్తగారు అలవాటు ప్రకారం దూరంగా, గాడిపొయ్యి దగ్గరే ఉండిపోయారు. నేను చింతపండు పిసుకుతూ ఆవిడ పక్కనే ఉన్నాను.

వాళ్ళ పొయ్యి ఆరిపోయిందేమో, ముసలామె నిప్పు అడగడానికి మా పొయ్యి దగ్గరికి వచ్చింది. మా అత్తగారు నిప్పులు తీసి మూకుట్లో పోస్తుంటే, ఆమె చూపు మా అత్తగారి ముంజేతి మీద నిలిచిపోయింది. అక్కడ చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉండేది, చుక్కల ముగ్గులాంటిది. ముసలామె మూకుడు కింద పెట్టి, తన చెయ్యి తెచ్చి ఆ చెయ్యి పక్కన ఆనించింది. ఆమె చేతి మీదా అలాంటి చుక్కలే. ఇద్దరూ ఆ రెండు చేతులూ మార్చి మార్చి చూసుకున్నారు.

తర్వాత ఆమె కొంగులోంచి నూలు ఉండ తీసి, ఒక కొస మా అత్తగారి చేతిలో పెట్టింది.

"ఆ బహినీ, ఏ సూత్ లా ధర్."

రమ్మంటోంది, దారం పట్టుకోమంటోంది. అంతమాత్రం నాకూ తెలిసింది. దీపాల దగ్గర మావాళ్ళు లేచి నిలబడ్డారు. మా అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుని, గాజుల్లేని బోసి మణికట్టు చూపించి తల అడ్డంగా ఊపారు.

ముసలామె తన మణికట్టు కూడా ముందుకి చాపింది. అదీ బోసిగానే ఉంది.

"మోరో నఇ హే బహినీ. రుఖ్ ల కా పతా?"

"ఏటంటంది?" అని గుసగుసగా అడిగాను. మేస్త్రీగారి భార్య మా దగ్గరికి వచ్చి నిలబడి ఉంది. అడ్డుకోవడానికే వచ్చిందనుకుంటాను. కానీ నేను అడిగినదానికి జవాబు చెప్పాల్సి వచ్చింది.

"నాకూ మొగుడు నేడు సెల్లీ, సెట్టుకేటి తెలుస్తాది అంతంది," అంది. చెబుతూ చెబుతూనే ఆవిడ గొంతు మెత్తబడిపోయింది. కొంగు నడుముకి దోపి, "ఎల్లు వదినా. పొయ్యి నాను సూస్తాను," అంది.

మా అత్తగారు లేచారు. చీర కుచ్చిళ్ళకి అంటిన బూడిద దులుపుకున్నారు. ముసలామె ముందు, ఆవిడ వెనక, చెట్టు చుట్టూ నడిచారు. నూలుపోగు ఆ నల్లటి మాను మీద తెల్లగా చుట్టుకుంటూ పోయింది. ఎన్ని చుట్లు తిరిగారో నాకు గుర్తులేదు. ఆకుల్లోంచి మంచు బొట్లు ఆవిడ నెరిసిన జుట్టు మీద పడి మెరవడం మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందుంది. మొదటి చుట్టులో ఆవిడ నేల చూస్తూ నడిచారు. తర్వాత తర్వాత పైకి, కొమ్మల్లోకి చూస్తూ నడిచారు.

ఆ పూట రెండు పంక్తులు కలిసిపోయాయి. మా పులిహోర అటు వెళ్ళింది, వాళ్ళు నూనెలో వేయించిన శనగపిండి ఠేఠ్రీలు ఇటొచ్చాయి. మేస్త్రీగారి భార్య మాడ్చేసిన పప్పుని ఎవరూ ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో మా అత్తగారు బండెక్కనన్నారు. ఇసక దాటేదాకా నేనూ ఆవిడా బళ్ళ వెనక నడిచాం. ఏరు ఎర్రబడుతోంది. ఉన్నట్టుండి ఆవిడ మాట్లాడారు.

"నా పెల్లైన కొత్తలో మీ మావ నన్నిక్కడికే తెచ్చినాడు. సీతాపలాలు తినీసి ఇద్దరం ఇసకలో తొంగున్నాం. లెగిసేసరికి డ్యూటీ టయిం దాటిపోనాది. షెడ్డులో ఏటని సెప్పినాడో తెల్సా? ఏరు పొంగింది, దాటలేకపోనానన్నాడు. ఏట్లో సీలమండ మునిగే నీల్లు నేవు!"

ఆవిడ నవ్వారు. ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదలు. ముందు బళ్ళోంచి ఆడవాళ్ళు తలలు తిప్పి చూశారు.

మర్నాడు పొద్దున్న మంచు అలాగే ఉంది. నేను పొయ్యి రాజేస్తుంటే ఆవిడ పీట లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

"ఏమే, మీ ఊర్లో కార్తీకానికి ఏటేటి ఒండుతారు?"

చెప్పడం మొదలుపెట్టాను. మా అమ్మ వండేవి, మా నాయనమ్మ వండేవి, సముద్రం ఒడ్డున సరుగుడు తోటలో మేం కూర్చునే చోటు, అన్నీ. ఆవిడ మధ్య మధ్య "అచ్ఛా" అంటూ, అడుగుతూ, విన్నారు. ఎసరు మరిగిపోతున్నా ఇద్దరం లేవలేదు.