జేబుల్లో నాలుగు సీసాలు

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, యేసు ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. నాది గుంటూరు, ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాటకారిననే పేరుంది గానీ ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది.

కరోనా వచ్చిన ఏడాది నా భార్య సునీత, ఆరేళ్ల పాప కీర్తన ఒక పెళ్లికని ఇండియా వెళ్లారు, విమానాలు ఆగిపోయాయి, వాళ్లు అక్కడే చిక్కుకుపోయారు, నేనిక్కడ ఒక్కణ్ణే మిగిలాను! మనిషి ముఖం చూడాలంటే ఎదురింటి బాల్కనీలో పెద్దాయన మొక్కలకు నీళ్లు పోసేదాకా ఆగాలి. నిద్ర పట్టడానికని ఒక గ్లాసు మొదలుపెట్టాను, అది మధ్యాహ్నానికి పాకింది, ఆ తర్వాత పొద్దుటి కాఫీ బదులు అదే అయింది. ఆదివారం ఆన్‌లైన్ ఆరాధనలో మాత్రం కెమెరా ఆపుకుని, ప్రభువు కృపలో బాగున్నానని చెప్పేవాణ్ణి, అబద్ధికుణ్ణి! ఒకరోజు వీడియో కాల్‌లో కీర్తన, "నాన్నా, నువ్వెందుకు ఎప్పుడూ పడుకునే మాట్లాడతావు?" అంది. కాల్ కట్ చేసి ఏడ్చాను, ఏడ్చి మళ్లీ తాగాను.

మన సహవాసంలోని రాజకుమారి అక్క ఉత్తర సముద్రంలో ఒక చిన్న ద్వీపంలో నర్సు. నా గొంతులో ఏం వినబడిందో గానీ, "తమ్ముడూ, ఇప్పుడు రానిస్తున్నారుగా, వచ్చి వారం రోజులుండు, పప్పన్నం పెడతా" అంది. అక్కడికి సముద్రం పోటు మీదుంటేనే పడవ నడుస్తుంది, ఆ రోజు వేళ కుదరక చిన్న విమానం ఎక్కాను. మన ఆటోకి రెక్కలు పెట్టినట్టుంది, పైలట్ కాక ఐదుగురం. అందులో సంచుల బరువే కాదు, మనిషి బరువు కూడా అడుగుతారు. మన అలవాటు మీకు తెలియనిదా, ఇండియా వెళ్లేటప్పుడు పెట్టె బరువెక్కితే తీసి కోటు జేబుల్లో కుక్కుకుంటాం కదా! నేనూ అదే చేశాను, పచ్చళ్లు కాదు, నాలుగు మందు సీసాలు, అక్క ఇంట్లో దొరకదని. కౌంటర్‌లో అమ్మాయి అడిగితే సీసాల బరువు కలపకుండా డెబ్బై రెండు కిలోలన్నాను, రాసుకుంది.

కింద నీళ్లు వెనక్కి పోయిన బురద నేల, కనుచూపు మేర ఇల్లు లేదు, చెట్టు లేదు, మనిషి జాడ లేదు. ఒక నిమిషం ఎండ, మరు నిమిషం వడగళ్లు! దిగబోతుంటే గాలి పక్కనుంచి కొట్టి విమానం ఒరిగింది, పైలట్ మళ్లీ పైకి లేపాడు. నా పక్కనున్న జర్మన్ ముసలామె కళ్లు గట్టిగా మూసుకుంది. జేబుల్లో సీసాలు టకటకా కొట్టుకుంటున్నాయి, నా అబద్ధం వల్ల ఈమె చచ్చిపోతుందనిపించింది. "ప్రభువా, నేను బాగాలేను! సునీతకు చెప్పలేదు, సంఘానికి చెప్పలేదు, నీకూ చెప్పలేదు, వీళ్లను క్షేమంగా దించు తండ్రీ, నేను దాచను" అని ప్రార్థించి, వచ్చీరాని జర్మన్‌లో అరిచేశాను, నా కోటులో నాలుగు సీసాలున్నాయి, నేను తాగుబోతునని!

పైలట్ వెనక్కి కూడా తిరగలేదు. "ఆ కాస్త బరువు విమానం మోస్తుంది. ఈసారి కౌంటర్‌లోనే నిజం చెప్పండి" అన్నాడు. ముసలామె మాత్రం కళ్లు తెరిచి నా చెయ్యి పట్టుకుంది. సహోదరులారా, ఏడు నెలల్లో నన్ను తాకిన మొదటి మనిషి ఆమే! రెండోసారి క్షేమంగా దిగాం.

వానలో మాస్కు పెట్టుకుని ఎదురుచూస్తున్న అక్క చేతిలో సీసాలు పెట్టాను. ఆమె తిట్టలేదు, "ముందు సునీతకు ఫోన్ చెయ్యి" అంది. అంతా విని సునీత, "నాకు తెలుసండీ, మీరే చెప్తారని చూస్తున్నా" అంది. మందు మానేసరికి ఆ వారమంతా చేతులు వణికాయి, అక్క డాక్టర్‌కి చూపించింది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో వారం వారం టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకుని చికిత్సకు వెళ్లాను, మధ్యలో ఒకసారి మళ్లీ తాగాను కూడా, దాచను, ప్రభువు మళ్లీ లేపాడు. మరుసటి వేసవిలో విమానాశ్రయం తలుపుల్లోంచి కీర్తన పరుగెత్తుకొచ్చి, "నాన్నా, నిలబడి మాట్లాడుతున్నావే!" అంది. దేవునికే మహిమ!

ఈ పూట కూడా కెమెరా ఆపుకుని వింటున్న తమ్ముడు గానీ చెల్లెలు గానీ ఉంటే, మిమ్మల్ని తప్పుపట్టను, నేనూ అక్కడే కూర్చున్నాను. బాగున్నానని ఆయనకు చెప్పకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆయన మోస్తాడు. ఆ తర్వాత మాలో ఒకరికి ఫోన్ చెయ్యండి, ఏ వేళైనా సరే, నేను ఎత్తుతాను. ఆమేన్.