పడవకు దూపైన నాడు

నా చిన్నప్పుడు కృష్ణ ఒడ్డున, కొల్లాపూర్ దిక్కు, మా ఊరి రేవు పక్కన ఒక జాగా ఉండె. అందరూ దాన్ని పడవల జాగా అనేటోళ్లు. సంస్థానం కాలం నుంచి పడవలు అక్కడ్నే పుట్టేటియి, ముసలైనంక అక్కడ్నే బోర్ల పండేటియి. నల్లమల నుంచి వచ్చిన దుంగలు ఒక దిక్కు, పలకల సందులకు పూసేటందుకు కాగుల మరిగే గుగ్గిలం ఒక దిక్కు, నడుమ మా తాత బాడిశతోని కట్టె చెక్కే చప్పుడు. పడవలు చేసుడు, బాగుచేసుడు మా తాత పని. ఇప్పటికీ ఎక్కడన్న గుగ్గిలం పొగ తగిలితే నా కాళ్లు ఆ జాగా దిక్కే మర్లుతయి.

నాకు నోట్లె నాలుక ఆగకపోయేది. ఈ కట్టె ఎందుకు వంగింది, ఆ మేకు ఎందుకు పొడుగున్నది, గుగ్గిలం ఎందుకు అంటుకుంటది. మా అవ్వ నన్ను ‘ఎందుకుల ఎల్లవ్వ’ అని పిలిచేది. తాత మాత్రం ఎన్నడూ ఇసుక్కోలే. కొన్నింటికి జవాబు చెప్పేటోడు, కొన్నింటికి పని చెప్పేటోడు.

ఆ యేడు మా అమ్మ కాన్పుకు తల్లిగారింటికి, ఏటి అవతలి ఒడ్డుకు పోయింది. తమ్ముడు పుట్టిండని కబురొచ్చింది. ఎండకాలమంతా గడిచింది గాని అమ్మ రాలే. రోజూ రేవుల నిలబడి అవతలి ఒడ్డు చూసేదాన్ని. అమ్మ చీర అనుకున్నదల్లా ఎవరిదో చీర అయితుండె. వెదురుతోని అల్లిన గుండ్రటి పుట్టిల తీసుకరావచ్చు గదా అని అడిగితే అవ్వ కయ్యిమన్నది.

“గిరగిర తిరిగే పుట్టిల పచ్చి బాలింతనా? తిక్కలేసిందా నీకు?”

ఇగ మిగిలింది పెద్ద పడవ. తాత దాన్ని ఎండకాలంల బాగుచేసి, ఒడ్డు మీద బోర్లేసి పెట్టిండు. అప్పటికి మృగశిర దగ్గర పడ్డది. పైన వానలు మొదలైనయని, ఏరు రేపో మాపో వస్తదని రేవుల అనుకుంటుండ్రు. ఏరొచ్చిందంటే రేవు బందు. నీళ్లు తగ్గేదాక, అంటే దసరా దాక, అటు మనిషి ఇటు రాడు. నా ఫికర్ అంతా గదే.

ఒక పొద్దుగాల మనుషులందరు కలిసి ఆ పడవను నీళ్లలకు దించిండ్రు. నేను కొత్త లంగ కట్టుకొని, నూనె పెట్టి జడేసుకొని వచ్చి కూసున్న. అమ్మ కోసం ఇప్పుడే పోతరనుకున్న. వాళ్లేమో పడవల పెద్ద పెద్ద బండలు పెట్టవట్టిండ్రు. పడవ కుంగింది, అంచులదాక నీళ్లొచ్చినయ్, చూస్తుండంగనే మునిగింది.

“తాతా! పడవను ముంచుతున్నవేందే?” అని నేను ఒక్కటే లొల్లి.

అందరు నవ్విండ్రు. తాత నవ్వలే. “దూపైంది బిడ్డా దీనికి. ఎండకాలమంతా చుక్క నీళ్లు తాగలే. జర తాగనియ్” అన్నడు.

పడవకు దూపైతదా? నీళ్ల దిక్కు చూస్తే పలకల సందులల్ల నుంచి బుడబుడ బుడగలు వస్తున్నయ్. నిజంగనే గటగట తాగుతున్నది! నేను నమ్మేసిన. అయితే ఏటి నీళ్లు అప్పటికే మడ్డిగున్నయ్. ఉరికి ఇంటికి పోయి, కుండలకెల్లి ముంతెడు చల్లటి నీళ్లు తెచ్చి, పడవ మునిగిన కాడ పోసిన. రేవంతా పకపక నవ్వింది. తాత ముంత అందుకొని, అడుగున మిగిలిన నీళ్లు తాను తాగి, “మంచిపని చేసినవ్, నాకు గూడ దూపైంది” అన్నడు.

తర్వాత నన్ను ఒడ్డు మీద ఎండుతున్న ఇంకో పడవ కాడికి తోలుకపోయిండు. దాని పలకల నడుమ వెలుతురు కనిపిస్తుండె. “పగిలింది కాదు ఇది. ఎండిన కట్టె ముడుచుకుంటది. నీళ్లు తాగితే ఉబ్బుతది, పక్క పలకను ఆనుకుంటది. సందే ఉండది” అన్నడు. ఇంటికొచ్చినంక, అవ్వ ఊడ్చే చీపురుల నుంచి ఒక పుల్ల తీసి నా చేతుల పెట్టిండు. “రేపు పడవ లేపినంక దీన్ని పెట్టి చూడు. యాడన్న దూరిందా, ఇంకా దూపున్నట్టు. దూరలేదా, తీరినట్టు. నువ్వు సరే అంటెనే పడవ ఒడ్డు దాటుతది.”

నాకు ఆ పొద్దంతా కాలు భూమ్మీద నిలువలే. ఇంత పెద్ద పడవ నా మాట మీద పోవుడంటే ఏమనుకున్నరు!

తెల్లారి బండలు తీసి, నీళ్లు తోడి పోసిండ్రు. నేను పడవల దిగి, మోకాళ్ల మీద పాకుకుంట, పలక పలకకు పుల్ల పెట్టి చూసిన. ఎక్కడా దూరలే. లోపల్లోపల ఎగురుతున్న. పడవ ముక్కు కాడికి వచ్చేసరికి అడుగు పలక పక్కన పుల్ల సర్రున దిగింది. మళ్లొకసారి పెట్టిన. మళ్ల దిగింది.

తలెత్తి చూస్తే కొత్త నీళ్లకు ఏరు ఎర్రబారుతున్నది. పడవ నడిపే మా చిన్నాయిన, “గింత సందుకేమైతది? నీళ్లు తోడుకుంట పోదం” అంటున్నడు. నేను ‘పుల్ల దూరలే’ అంటే అయిపాయె, మాపటికి అమ్మ ఒడిల ఉంటుంటి. ఆ పలక మీదనే అమ్మ కూసుంటది, చేతుల తమ్ముడుంటడు అని ఒకటే మనసుల మెదులుతున్నది.

“దూరింది తాతా” అన్న. అని బోరున ఏడ్చిన.

తాత “మంచిది” అని ఒక్కటే మాట అని, బండలు మళ్ల పెట్టుమన్నడు. అవ్వ మాత్రం ఊకుంటదా? “పొట్టిదాని మాటకు పడవ ఆపుతవా? ఏరొస్తే పసిపిల్లగాడు దసరా దాక ఆడ్నే ఉండాల్నా?” అని పొద్దుగూకేదాక తిట్టిపోసింది. తాత తలకాయ ఊపుకుంట అన్నం తిన్నడు.

ఆ తెల్లారి నీళ్లు రేవు మెట్టు మీదికొచ్చినయ్. ముక్కు కాడ పుల్ల పెట్టి ఒత్తిన. దూరలే. ఇంకా ఒత్తిన. పుటుక్కున విరిగింది. “విరిగింది తాతా!” అని నేను మొత్తుకున్న మొత్తుడుకు ఒడ్డు మీది మేకలు గూడ బెదిరినయ్.

పగటాల్లకు పడవ తిరిగొచ్చింది. అమ్మ చిక్కిపోయింది, మొకం మాడ్చుకొని ఉన్నది. దిగకముందే అడిగింది.

“పడవ వస్తదని కబురొస్తే నిన్ననే మూట గట్టుకొని రేవుల కూసున్న మామా. పొద్దుగూకేదాక చూసిన. ఎందుకు రాలే?”

“నీ బిడ్డ రానియ్యలే” అన్నడు తాత, నా దిక్కు చూపించుకుంట.

అమ్మ నన్ను చూసిన చూపుకు నేను తాత ఎన్కకు జరిగిన. తాత పుల్ల ముచ్చట చెప్పిండు. అమ్మ తమ్మున్ని ఒక చేత ఎత్తుకొని, కిందికి వంగి, పడవ అడుగున ముక్కు కాడ అరచెయ్యి పెట్టి చూసింది. అదే చెయ్యి తెచ్చి నా చెంప మీద పెట్టింది. పొడిగ ఉండె. ఆ మాపటికే ఏరొచ్చింది.

శానా ఏండ్లకు అవ్వ చెప్పింది. నేను పుల్ల పెట్టి చూసిన ఆ మొదటినాడు, నీళ్లు తోడినంక, నేను లేచి రాకముందే తాత పడవ అంచు మీదికి వంగి, ముక్కు కాడ తన పుల్ల పెట్టి చూసిండట. సందు ఉన్నదని ఎరికుండి నా నోటి నుంచే రానిచ్చిండు. నేను అబద్ధం చెప్తే ఏం చేస్తుండెనో! అన్ని ఎందుకులు అడిగినదాన్ని, ఆ ఒక్కటి మాత్రం అడుగుదామంటే అప్పటికే తాత పోయిండు.

పడవల జాగా ఇప్పుడు డ్యాం నీళ్ల కింద ఉన్నది. తెలంగాణ వచ్చినంక కొత్త రేవుకు మంచి రోడ్డు పడ్డది, చూడవచ్చెటోళ్లు పెరిగిండ్రు, ఇంజను పడవలు తిరుగుతున్నయ్. ఆ ఇనుప పడవలకు దూప గాదు. మా ఇంట్ల మాత్రం ఎవరన్న పని అయిపోయిందంటే, “పుల్ల పెట్టి చూసినవా?” అని అడుగుత. మనుమరాలు నవ్వుతది, గాని ఎన్కకు పోయి మళ్లొకసారి చూసుకొని వస్తది. అది వచ్చి “అయింది అవ్వా” అన్నప్పుడు నా చెయ్యి దానంతటదే లేచి దాని చెంప మీదికి పోతది. అప్పుడు ఆ చెయ్యి నాది గాదు, మా అమ్మది.