మిష్మిష్‌కు దిష్టి తీసిన రోజు

ఒక పిల్లికి మేలు చేయబోయి నా పొట్ట నేనే కొట్టుకోబోయిన కథ ఇది. చదివి మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం ప్రాణాలు గొంతులోకి వచ్చాయి.

అప్పటికి నేను కువైట్ వచ్చి ఏడాది కూడా కాలేదు. సల్వాలో ఒక పెద్దింట్లో పని. రాజంపేట దగ్గర మా ఊళ్లో గోడలు లేచి స్లాబు పడని ఇల్లొకటి నా జీతం మీదే ఆశ పెట్టుకుని ఉంది. ఇక్కడేమో మామాకు, అంటే మా యజమానురాలికి, కన్నపిల్లలకంటే మిష్మిష్ ముద్దు. మామిడిపండు రంగు పిల్లి. దాని దిండు నా దిండుకంటే మెత్తన. తల పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఆ వారం మిష్మిష్ గిన్నె ముట్టడం మానేసింది. మామా దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒకటే బెంగ.

"నేను అక్క ఇంటికి పోయొస్తా. సాయంత్రం డాక్టరుకు చూపిద్దాం. జాగ్రత్త! దీనికేమైనా అయిందో, నీ ఇఖామా ఖలాస్. సీదా మీ ఊరికే!" అని వేలు చూపించి వెళ్లింది.

ఇఖామా పోతే ఇక్కడ ఉండే కాగితమే పోయినట్టు. పిల్లిని తేరిపార చూస్తే సంగతి అర్థమైపోయింది, డాక్టరుతో పనేముంది? వారం కిందట చుట్టాలొచ్చి "ఎంత అందం, ఎంత బొచ్చు" అని ఒకటే పొగిడారు. దిష్టి కాక ఇంకేమిటి!

గుప్పెట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని మిష్మిష్ చుట్టూ తిప్పాను. అది నా చేతిని వాసన చూసి తుమ్మింది. మరి కాల్చడానికి నిప్పేది? హాల్లో మామా ధూపం వేసుకునే గిన్నెలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. దేవుడే చూపించాడనుకుని గుప్పెడూ అందులో పోశాను.

దిష్టి తగిలుంటే మిరపకాయలు ఎంత మాడినా ఘాటు రాదని మా అమ్మ చెప్పేది. వచ్చింది. ఎట్లా వచ్చిందంటారు! ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన ఇల్లది. పైన పొగ గంట కీచుమని మొత్తుకుంది. దగ్గుకుంటూ, కళ్లు కనిపించక, తడుముకుంటూ వెళ్లి వీధి తలుపు తెరిచాను. నా కాళ్ల మధ్య నుంచి మామిడిపండు రంగులో ఏదో దూసుకుపోయింది.

బయట నిప్పులు చెరిగే ఎండ. గడప దాటి ఎరగని పిల్లి. నడివీధిలో నిలబడి నేను భోరుమన్నాను.

మామాను దింపి అప్పుడే వచ్చిన డ్రైవర్ మస్తానన్న, రాయచోటి మనిషి, కారు దిగీ దిగకుండానే అరిచాడు. "ఏమైందిమ్మే? ఎవురన్నా సచ్చిపోయినారా?"

"నేనే సచ్చినాన్నా! మిష్మిష్ పాయ!"

"యాడికి పాయ?"

"నాకు సెప్పి పోతాదా!"

కార్ల కింద వెతికాం. చెత్తడబ్బాల్లో వెతికాం. నేను ఒకవైపు "మిష్మిష్" అని, ఇంకోవైపు "ఓ వెంకటేశ్వరసామీ" అని పిలుస్తున్నాను. ఇద్దరూ పలకలేదు. కాసేపటికి మస్తానన్న ఒక పిల్లిని చంకన పెట్టుకొచ్చాడు. ఒక చెవి లేదు, తోక సగమే.

"రంగు అదే గదా. సబ్బేసి తోమితే మామాకేం తెలుస్తాది?"

"చెవెట్ల మొలిపిస్తావన్నా!"

అంతలో అతని ఫోను మోగింది. మామా! "యల్లా, రా, వచ్చి తీసుకుపో." మస్తానన్న నావైపు జాలిగా చూసి కారెక్కాడు. ఆ చూపుకే సగం చచ్చాను. పెట్టె ఎక్కడుందో, చీరలు ఎన్ని సర్దాలో కూడా ఆలోచించేశాను.

చివరి ఆశగా పక్కింటి వంటింటి తలుపు తట్టాను. వంటామె సత్తెమ్మగారు, గోదావరి మనిషి, తీరిగ్గా తలుపు తీసింది.

"మా పిల్లి గాని వచ్చిందాండీ?"

"ఇదాండీ? మీదా? వారం నుంచీ మీ ఉతుకుడు గది కిటికీలోంచి దూకి వచ్చేత్తంది కదండీ! చేపలేయిత్తే చాలు, ఇక్కడే ఉంటాది."

లోపల మిష్మిష్ పళ్లెం ముందు కూర్చుని మీసాలు నాక్కుంటోంది. ఆవిరి పోవడానికని ఆ కిటికీ రోజూ తెరిచేది నేనే! దాన్ని గుండెకు హత్తుకుని ఏడుస్తూ, తిడుతూ ఇంటికి పరుగెత్తాను.

మామా వచ్చేసరికి పిల్లి దిండు మీద ఉంది. ఘాటు మాత్రం ఇల్లంతా ఉంది.

"ఏమిటీ వాసన?" అని దగ్గుతూనే పిల్లి పొట్ట తడిమింది. "అరె, తినిందా?"

"తినింది మామా." అది అబద్ధం కాదు కదా.

"ఏం చేశావు?"

నా వచ్చీరాని అరబ్బీ నోట్లోనే ఇరుక్కుంది. గుప్పెడు మిరపకాయలు తెచ్చి, గాల్లో తిప్పి, ధూపం గిన్నె వైపు చూపించాను. ఇక ఖలాస్ అనుకుని కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి మామా నా ముందు కుర్చీ వేసుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"నాకూ తియ్యి. మా అక్క ఇవాళ నా గాజుల్ని అదే పనిగా చూసింది."

ఆ రోజు ఊరికి పంపించేస్తుందేమోనని వణికానా? ఇప్పుడు ఊరికి పోయొస్తానని లీవు అడిగితే వదలడం లేదు. "నువ్వు పోతే నాకెవరు తీస్తారు?" అంటుంది. అందుకే అందరి ముందూ ఒట్టేసి చెబుతున్నాను. పిల్లికి గానీ, కుక్కకు గానీ, ఈ ఇంట్లో నాలుగు కాళ్లున్న ఏ ప్రాణికి గానీ ఈ జన్మలో ఇక దిష్టి తీయను. మామాకు తీయడానికే మిరపకాయలు చాలడం లేదు.